కవర్ లేదు, సంచి ఉంది

ఛత్రినాకలోని మా కిరాణా దుకాణంలో కూరగాయల విభాగం చాలా ఏళ్లుగా నా చేతిలోనే ఉంది. మా సేట్ కుటుంబానికి పాతబస్తీలో ఇలాంటి దుకాణాలు ఆరున్నాయి. వాళ్ల తాత చింతపండు, పప్పులు టోకున అమ్మేవాడట. మనవడి కాలానికి అద్దాల తలుపులు, బిల్లింగ్ మిషన్లు వచ్చాయి. నేను పదో తరగతి తప్పి, పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక ఇక్కడ ఉల్లిగడ్డలు ఏరే పనికి చేరాను. ఇప్పుడు నా కొంగుకి ఇన్‌చార్జి అని రాసిన బిళ్ల ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. వరదొచ్చిన ఏడాది మా దుకాణాల్లో కవర్లు మానేసిన పని ఎవరో పెద్ద చదువులవాళ్లు వచ్చి చేయించారని కొందరు అనుకుంటున్నారు. అలా కాదు.

ఆ ఏడాది మాకు మొదటినుంచీ బాగాలేదు. ఎండాకాలంలో మెయిన్ రోడ్డు మీద మాకంటే నాలుగింతలు పెద్ద దుకాణం ఒకటి తెరిచారు. అక్కడ ఏసీ చల్లగా ఉండేది, ట్రాలీలు కొత్తవి. మా గిరాకీ సగం అటు పోయింది. ఎండలకి ఆకుకూరలు పొద్దున తెస్తే మధ్యాహ్నానికి వాడిపోయేవి. ఇక వానలొస్తే కాస్త తేరుకుంటాంలే అనుకున్నాం. ఆ వానలే మమ్మల్ని ముంచాయి.

బతుకమ్మ పండుగ ఇంకా నెలకి పైగా ఉందనగా, ఒకరోజు మధ్యాహ్నం మొదలైన వాన సాయంత్రానికి మా దుకాణం వెనక ఉన్న మురుగు నాలాని పొంగించింది. వెనక గుమ్మంలోంచి గోదాములోకి నల్లటి నీళ్లు వచ్చాయి. మొదట పాదాలు తడిశాయి. పది నిమిషాల్లో మోకాళ్లు మునిగాయి. అందరం కలిసి మోయగలిగినన్ని బియ్యం బస్తాలు మెట్లెక్కించాం. మోయలేనివి అక్కడే మునిగిపోయాయి. నీళ్లు పోయాక మూడు రోజులు కడిగినా పులిసిన బియ్యం వాసన పోలేదు. చక్కెర బస్తాలైతే ఖాళీ సంచుల్లా అణిగిపోయి ఉన్నాయి. లోపలి చక్కెరంతా కరిగిపోయింది.

నాలుగో రోజు మున్సిపాలిటీవాళ్లు నాలాలో పూడిక తీయడానికి వచ్చారు. కల్వర్టు కింద ఇనుప జాలీకి ఏదో అడ్డం పడి నీళ్లు వెనక్కి తన్నాయని చెప్పుకుంటుంటే చూద్దామని వెళ్లాను. గట్టు మీద కుప్ప పోసి ఉంది. అంతా కవర్లే. తెల్లవి, నల్లవి, రంగు వెలిసినవి. వాటి మధ్య చాలా చోట్ల పసుపు రంగు కనబడింది. ఎర్ర అక్షరాలు. మా దుకాణం పేరు.

పూడిక తీస్తున్నవాళ్లలో ఒకామె నా బిళ్ల చూసింది. నవ్వుతూ, "అక్కా, మీ దుకాణం సామాన్ మస్తున్నది ఈడ. తీస్కపోతవా?" అంది.

ఆమె ఎగతాళికి అనలేదు. నాకే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా గోదాము ముంచిన నీళ్లని ఆపి మా మీదికి పంపింది మేమిచ్చిన కవర్లే.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. మా వెనక గల్లీలో బర్రెలు పెట్టుకుని పాలు అమ్ముకునే ముసలామె ఉంది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. రోజూ సాయంత్రం మా వెనక గుమ్మం దగ్గరికి వచ్చి క్యాబేజీ పైఆకులు, ముల్లంగి ఆకులు, పుచ్చిపోయిన దోసకాయలు పట్టుకుపోయేది. వాన తర్వాత నాలుగైదు రోజులు కనబడకపోయేసరికి నేనే వెళ్లాను. కొట్టంలో నాలుగు బర్రెలు ఉండాలి. మూడే ఉన్నాయి.

"పొట్ట ఉబ్బింది బిడ్డా," అంది. "గడ్డి ముట్టలే. నెమరేసుడు బంద్ జేసింది. డాక్టర్ వచ్చి కోసిండు. తీస్తనే ఉన్నడు, తీస్తనే ఉన్నడు. ఆఖరికి దక్కలే."

కొట్టం మూల గోనెసంచి మీద ఒక ముద్ద ఉంది. పెద్ద గంగాళమంత. కవర్లు, తాళ్లు, ఆకుల పీచు అన్నీ కలిసి గట్టిగా ఉండకట్టుకుపోయాయి. అందులోనూ పసుపు రంగు ఉంది. ఆమె ఆ ముద్దని ఎందుకు పారేయలేదో నేను అడగలేదు.

"నా వల్లనేనా పెద్దమ్మా?" అన్నాను.

"నువ్వేం జేస్తవ్? నువ్విచ్చింది ఆకులే గద."

ఆమె అలా అనడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకంటే వాన పడుతున్న రోజుల్లో ఆ ఆకులు తడవకూడదని నేనే కవర్లో వేసి, ముడి వేసి ఇచ్చేదాన్ని. ఆమె ముడి విప్పి ఆకులు బర్రెకి వేసేది. ఆ కవర్ ఎక్కడ పడేది, ఎవరి నోట్లోకి పోయేది అని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మర్నాడు సేట్ దుకాణానికి వచ్చాడు. పాడైన బస్తాలు లారీకి ఎక్కిస్తుంటే గడపలో కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. ఆ రోజు అరవై దాటినట్టు ఉన్నాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"సేట్ సాబ్, మనం కవర్లు బంద్ జేద్దాం."

ఆయన నా వైపు వింతగా చూశాడు. "ఏంది? దుకాణమే బంద్ అయ్యేటట్టున్నది. నువ్వు కవర్లు బంద్ అంటున్నవా?"

"అవును సేట్ సాబ్. ఒక్కసారి నాతోని రాండ్రి. గల్లీల ఒకటి చూపెడత."

"ఏం చూపెడతవమ్మా? నాకు ఫికర్ తక్కువున్నదా?"

"రెండు నిమిషాల పని."

ఆయన లేచాడు. నా వెనకే బురదలో నడుచుకుంటూ వచ్చాడు. పెద్దమ్మ కొట్టంలోకి వెళ్లేముందు చెప్పులు విప్పాడు. ఆవులకైనా బర్రెలకైనా రోజూ ఏదో ఒకటి పెట్టందే ఆయన పొద్దున టీ తాగడు. ఆ ముద్ద ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. వేలితో పసుపు రంగు కవర్ అంచుని ముట్టి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి పెద్దమ్మ వైపు తిరిగాడు. రెండు చేతులూ జోడించి బయటికి వచ్చాడు.

తిరిగి వస్తుంటే అన్నాడు. "ఒక్క దుకాణం. ఒక్క నెల. గిరాకీ పోయిందంటే మాత్రం నీదే బాధ్యత."

"గట్లనే సేట్ సాబ్," అన్నాను.

కవర్లు బంద్ అనడం తేలికే. మరి సరుకు దేంట్లో ఇవ్వాలి? మా పనివాళ్ల చొక్కాలు బిగుతైతే వదులు చేసిపెట్టే దర్జీ మొఘల్‌పురాలో ఉన్నాడు. అసలు ఆయన పని పెళ్లి షేర్వానీలు. చాచా అని పిలుస్తాం. ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన కొట్లోకీ నీళ్లొచ్చాయి. షేర్వానీల లోపలి అస్తరు గుడ్డ తానులు తానులుగా తడిసి, అంచుల్లో మరకలు పడి, బయట తీగ మీద ఆరుతున్నాయి. మెరూన్, ముదురు ఆకుపచ్చ, నీలం.

"దాగ్ లగ్ గయా బేటీ," అన్నాడు చాచా. "మరక గుడ్డ ఏ పెండ్లికొడుకు తొడుగుతడు?"

"పెండ్లికొడుకు తొడగడు చాచా. ఉల్లిగడ్డలు తొడుగుతయి," అన్నాను.

ఆయనకి అర్థమయ్యేదాకా చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత కొంచెం నొచ్చుకున్నాడు. నలభై ఏళ్లుగా షేర్వానీలు కుట్టిన చెయ్యి కూరగాయల సంచులు కుట్టడమా అని ఆయన ముఖంలోనే కనబడింది. కానీ కొట్లో పని లేదు, మిషన్లు ఊరికే ఉన్నాయి. వారం రోజుల్లో మొదటి విడత సంచులు పంపించాడు. మెరుస్తూ ఉన్నాయి. మా బిల్లింగ్ అమ్మాయిలు ఒక్కోటి భుజానికి తగిలించుకుని అద్దంలో చూసుకున్నారు.

పద్ధతి కూడా మేమే అనుకున్నాం. సంచి తీసుకెళ్లండి, మళ్లీ వచ్చేటప్పుడు పట్టుకురండి. మాసిపోతే మాకిచ్చి ఉతికింది తీసుకోండి. పప్పులు, చక్కెర కాగితం పొట్లాల్లో. నూనెకి ఇంటినుంచే డబ్బా.

రెండో రోజే పరువు పోయింది. ఒకాయన ఐదు కిలోల బియ్యం సంచిలో వేసుకుని గుమ్మం దాటాడో లేదో పట్టీ ఊడింది. బియ్యం మెట్ల మీద పరుచుకుపోయింది. ఆయన అక్కడే నిలబడి అందరికీ వినబడేలా అరిచాడు. "కవర్ ఇయ్యరు. సంచి ఇస్తరు, అది పిగులుతది. ఏం దుకాణం పెట్టిన్రు మీరు?"

నేను వంగి బియ్యం ఎత్తాను. కొత్త బియ్యం తూచి ఆయన ఆటో దాకా మోసుకెళ్లి పెట్టాను. ఊడిన సంచి పట్టుకుని నేరుగా మొఘల్‌పురా బస్సెక్కాను. చాచా దాన్ని చేతిలోకి తీసుకుని పట్టీ ఊడిన చోట వేలితో తడిమాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మేరీ గల్తీ, నాదే తప్పు," అన్నాడు. "మనిషి తొడిగే గుడ్డ లెక్క కుట్టిన. బరువు మోసే గుడ్డ లెక్క కుట్టలే."

అన్ని సంచులూ వెనక్కి తెప్పించుకున్నాడు. పట్టీలకి లోపల కాన్వాస్ వేసి, మూలల్లో అడ్డంగా నిలువుగా రెండేసి కుట్లు వేశాడు. ఒకదాంట్లో ఇస్త్రీ పెట్టెలు రెండు పెట్టి, కొట్లో దూలానికి వేలాడగట్టి ఒక పూటంతా అలా ఉంచాడు. అది తెగలేదు. ఆ సంచిని నాకే ఇచ్చాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

సంచులు గట్టిపడ్డాయి. గిరాకీ మాత్రం పడిపోయింది. "పాలు, గుడ్లు చేతుల్ల పట్టుకపోవాల్నా?" అని బుట్ట కౌంటర్ మీదే వదిలేసి మెయిన్ రోడ్డు దుకాణానికి వెళ్లినవాళ్లని నా కళ్లతో చూశాను. కొందరు ముసలివాళ్లు మాత్రం, "మా చిన్నప్పుడు గిట్లనే ఉండె," అని సంతోషపడ్డారు. కానీ వాళ్లు కొనేది పావుకిలో కందిపప్పు. సేట్ రోజూ ఫోన్ చేసి ఎట్లున్నది అని అడిగేవాడు. నేను బాగున్నది అనేదాన్ని. అది అబద్ధం.

నెల నిండడానికి రెండు రోజులుందనగా సద్దుల బతుకమ్మ వచ్చింది. నువ్వులు, పల్లీలు, బెల్లం, కొబ్బరి కొనడానికి పొద్దుటినుంచే ఆడవాళ్లు బారులు తీరారు. ఆ ఏడాదంతటిలో అంత జనాన్ని మేం చూడలేదు. పదకొండింటికి సంచులు అయిపోయాయి. తీసుకెళ్లినవాళ్లలో సగం మంది తిరిగి తేలేదు. వరస కదలడం లేదు. లొల్లి మొదలైంది. "కవర్ ఇయ్యి, పోతం. పండుగ పూట గీ కష్టమేంది?" అని ఒకరంటే పదిమంది అందుకున్నారు.

మేడ మీద పాత పసుపు కవర్ల కట్ట ఒకటి మిగిలి ఉందని నాకు తెలుసు. నేనే దాచాను. ఎందుకు దాచానంటే నాకు నా మీద నమ్మకం లేక. మెట్లెక్కి ఆ కట్ట తెచ్చాను. దారం తెంపి కౌంటర్ మీద పెట్టి, నా చేత్తోనే సరుకు వేసి ఇవ్వడం మొదలుపెట్టాను. వరస కదిలింది. అమ్మాయిలు ఊపిరి పీల్చుకున్నారు.

ఏడో మనిషో ఎనిమిదో మనిషో, పెద్దమ్మ. నేను తలెత్తి చూడలేదు. నువ్వులు, బెల్లం కవర్లో వేసి ముందుకి జరిపాను. అందుకోవడానికి అవతలినుంచి చెయ్యి రాలేదు. అప్పుడు చూశాను.

ఆమె కవర్లోంచి నువ్వుల పొట్లం తీసింది. బెల్లం తీసింది. రెండూ కొంగులో వేసుకుని ముడి వేసింది. ఖాళీ కవర్‌ని అరచేత్తో చదును చేసి నా వైపుకి తోసింది.

"నాకొద్దు బిడ్డా. కొంగున్నది," అంది. కోపంగా కాదు, మామూలుగానే. వెళ్లిపోయింది.

కవర్ల కట్ట తీసి కౌంటర్ కింద పడేశాను. వరసలో ముందున్నామె, "ఏమైందమ్మా?" అంది. నేను స్టూలు ఎక్కాను. జీవితంలో ఎప్పుడూ పదిమంది ముందు మాట్లాడిన మనిషిని కాదు.

"అక్కా, అమ్మా, ఒక్క మాట ఇనుండ్రి," అన్నాను. "ఇప్పుడు పోయిన ముసలమ్మ బర్రె మా కవర్లు తిని సచ్చిపోయింది. నాలాల అడ్డం పడి మీ ఇండ్లల్లకి, మా గోదాములకి నీళ్లు తెచ్చినయి గూడ గివే. ఇయ్యనని చెప్పి నెల రోజులాయె. ఇప్పుడు భయపడి ఇచ్చిన. తప్పయింది. ఇంక ఇయ్య. లోపల అట్టపెట్టెలు మస్తున్నయి. కొంగులున్నయి. ఎట్లనన్నా పంపిస్త, కానీ కవర్లు మాత్రం ఇయ్య."

వెనకనుంచి ఎవరో "గీమె ఉపన్యాసం షురూ జేసింది" అన్నారు. ఇద్దరు ముగ్గురు బుట్టలు దింపేసి వెళ్లిపోయారు కూడా. కానీ ముందున్నామె, "పెట్టెలు తెప్పియ్యి మరి," అంది. గోదాములోంచి బిస్కెట్ల పెట్టెలు, సబ్బుల పెట్టెలు, నూనె ప్యాకెట్ల పెట్టెలు వచ్చాయి. ఆడవాళ్లు కొంగులు పరిచారు. ఒకామె భర్త తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పించి అందులో పల్లీలు పోయించింది. ఆటో డ్రైవర్లు లోపలికి వచ్చి పెట్టెలు మోశారు. ఒక పక్కింటామె ఇంటికి పోయి, తిరిగి తేవలసిన మా సంచులు నాలుగు తెచ్చి కౌంటర్ మీద పడేసి, "నేను మర్చిపోయిన, ఎవరికన్నా ఇయ్యి," అంది. తర్వాత ఇంకొకరు తెచ్చారు. సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకునే వేళకి వరస అయిపోయింది. ఒక్క కవర్ కూడా మళ్లీ బయటికి పోలేదు.

ఆ రాత్రి బతుకమ్మ ఆటకి పోయినప్పుడు పెద్దమ్మ పక్కన నిలబడ్డాను. ఆమె సద్ది పెట్టింది. నువ్వుల ముద్ద.

నెల నిండిన రోజు సేట్ వచ్చి పొద్దుటినుంచి సాయంత్రం దాకా దుకాణంలోనే కూర్చున్నాడు. నేను నెలంతా బాగున్నది అని చెప్పింది అబద్ధమని ముందే ఒప్పుకున్నాను. పండుగనాడు నేను కవర్లు తీసిన సంగతీ చెప్పాను.

"తెలుసు," అన్నాడు. "నాకు చెప్పేటోళ్లు ఉంటరు గద."

ఆయన కూర్చున్న చోటినుంచి గుమ్మం కనబడుతుంది. వస్తున్నవాళ్లలో ఎక్కువ మంది భుజాన మెరూన్, ఆకుపచ్చ సంచులున్నాయి. పోయిన గిరాకీ అంతా తిరిగి రాలేదు, ఆ సంగతి కూడా నిజం. కానీ వచ్చేవాళ్లు మావాళ్లైపోయారు. పండుగనాడు వరసలో నిలబడ్డ ఆడవాళ్లు పక్కింటివాళ్లని వెంటబెట్టుకుని వస్తున్నారు. వెనక గుమ్మం దగ్గర కూరగాయల వ్యర్థానికి క్రేట్లు పెట్టించాను. వాటిని పెద్దమ్మ, ఇంకా ఇద్దరు బర్రెలవాళ్లు వచ్చి పట్టుకుపోతున్నారు. చెత్తబండివాడు మా దగ్గర ఆగి, "ఏం లేదా ఇయ్యాల?" అని అడిగి పోతున్నాడు.

సాయంత్రం సేట్ లేచి, చెప్పులేసుకుంటూ అన్నాడు. "మిగిలిన ఐదు దుకాణాలల్ల గూడ ఇదే పద్ధతి. నువ్వే పోయి చెప్పాలె."

"నేనా? మేనేజర్లకు నేనేం జెప్త సేట్ సాబ్?"

"స్టూలెక్కి చెప్పినవట గద. అక్కడ గూడ స్టూళ్లున్నయి."

ఐదూ తిరిగాను. చాచా మిషన్లు రెండు పెరిగాయి. పెళ్లిళ్ల కాలం వచ్చి షేర్వానీల పని మళ్లీ మొదలైనా, సంచుల పని వదల్లేదు. మొఘల్‌పురాలో నలుగురు ఆడవాళ్లకి నేర్పి, ఇళ్లలోనే కుట్టిస్తున్నాడు. ఎవరైనా పల్చగా కుట్లు వేస్తే ఊరుకోడు.

అన్నిటికంటే చివరిది బార్కస్ దుకాణం. అక్కడ మేనేజర్ చిన్నవాడు, ఎంబీయే చదివినవాడు. నేను చెప్పేదంతా చేతులు కట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక, "మేడమ్, మీరు ఏం చదివారు?" అని అడిగాడు. ఎగతాళో, నిజంగా తెలుసుకోవాలనో నాకు తెలియలేదు.

"పది ఫెయిల్," అన్నాను.

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "గుడ్లు సంచిలో పగలకుండా ఎట్ల పంపాలి? మళ్లీ చెప్పండి, రాసుకుంటా," అన్నాడు.

మళ్లీ చెప్పాను. అడుగున అట్ట, చుట్టూ పాత పేపర్, బియ్యం ఉంటే కింద, గుడ్లు పైన. అతను రాసుకున్నాడు. అక్కడే నిలబడి బురఖాలో ఉన్న ఒక పెద్దావిడ అంతా వింటోంది. నా దగ్గరికి వచ్చి, నీలం సంచిని వేళ్లతో నలిపి చూసి, "యే ఖయాల్ కిస్కా హై?" అని అడిగింది. ఈ ఆలోచన ఎవరిది అని.

నేను పెద్దమ్మ గురించి, చాచా గురించి, సేట్ గురించి చెప్పబోయాను. మేనేజర్ నాకంటే ముందే, "ఇన్‌కా," ఈమెదే అని నన్ను చూపించాడు.

ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి ఏదో దువా చదివింది. నాకు అర్థం కాలేదు. అడగాలని కూడా అనిపించలేదు. తల వంచి నిలబడ్డాను. తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంటికి చేరాక మా ఆయన, "ఏంది, మస్తు ఖుషీగున్నవ్?" అన్నాడు. మామూలుగా అయితే ఏం లేదు అనేదాన్ని. ఆ రోజు మాత్రం కూర్చోబెట్టి, మొదటినుంచి అంతా చెప్పాను.